విమానం వెనక పీట

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలి నిఖాకని కర్నూలు నుంచి కడపకు పోయాను. బస్టాండు బయట ఎక్కిన షేరాటోలో లోపల చోటు లేక, సామాన్లు పెట్టే చోట పలక వేసి చేసిన సీటు మీద వెనక్కి తిరిగి కూర్చోవలసి వచ్చింది. ఈ మోకాళ్ళతో అట్లా కూర్చోవడం తిప్పలే. అయినా బండి కదిలి, పోవలసిన దారి కాక వదిలేసి వచ్చిన దారి కళ్ళ ముందర సాగుతూ సన్నబడిపోతూ ఉంటే, ఆ ఎండలో, ఆ దుమ్ములో, ఎన్నో ఏళ్ళ కిందట కన్నుమూసిన మా పెద్దనాయన ఉన్నట్టుండి గుర్తుకొచ్చాడు.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. తండ్రిని నాయన అనీ, నాయనమ్మను జేజి అనీ పిలుచుకుంటాం. తాతల నాటి దూది ఏకే పని నాయన చేతికి వచ్చేసరికి పరుపులు కుట్టడమై, ఆ తర్వాత లారీలకూ జీపులకూ సీట్లు కుట్టడమై, కడప బజారులో ఒక చిన్న అంగడిగా నిలబడింది. అమ్మకు చూపు మందగించాక మిషను ముందు కూర్చున్నది నేనే. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. రెగ్జీను వాసన, కొబ్బరి పీచు దుమ్ము, మైనం రాసిన దారం వేళ్ళకు కోసుకుపోవడం, నా పడుచుతనమంతా అదే.

నాయనకు అన్న, అంటే మా పెద్దనాయన, కమలాపురం పక్కన చేను చూసుకుంటూ ఉండేవాడు. తెల్లదొరల కాలంలో పెద్ద యుద్ధం నడుస్తున్నప్పుడు, చదువుకున్న పిల్లవాడని ఆయన్ను విమానాల దళంలోకి తీసుకున్నారట. నడిపే అతను ముందు కూర్చుంటే, అతని వీపుకు వీపు పెట్టి, తోక వైపు తిరిగి తుపాకి పట్టుకుని కూర్చునే గన్నరు పని ఆయనది. ఆ పని ఇంకా నేర్చుకుంటూ ఉండగానే ఏదో ప్రమాదం జరిగి, ఎడమ చెయ్యి భుజం పైకి లేవని మనిషై ఇల్లు చేరాడు. మాకు తెలిసింది అంతవరకే. ఏం జరిగిందో అడగడానికి కన్నతల్లి అయిన జేజికే ధైర్యం లేకపోయింది, ఇక మేమెంత. జట్కా ఎక్కితే అందరూ లోపలికి జరుగుతుంటే ఆయన మాత్రం వెనక చివర, కాళ్ళు వేలాడేసుకుని, వదిలి వచ్చిన దారిని చూస్తూ కూర్చునేవాడు. పైన విమానం చప్పుడైతే చేలో కలుపు తీసే ఆడవాళ్ళంతా నడుం ఎత్తి చూసేవాళ్ళు, ఆయన తల ఇంకాస్త వంచుకుని పార వేసేవాడు.

ఆ రోజుల్లో కడపలో ఒక సాంకేతిక కళాశాలకు, పిల్లలు చూసి నేర్చుకుంటారని, సైన్యంలో శిక్షణకు వాడి పక్కన పడేసిన పాత విమానమొకటి లారీల మీద ముక్కలుగా వచ్చింది. అక్కడి షెడ్డులో పెట్టి రెక్కలు బిగించారు, ముందు భాగం సరిచేశారు, కానీ వెనక గన్నరు కూర్చునే చోటు మాత్రం ఒట్టి డొల్ల. సీటు లేదు, మనిషిని కట్టి ఉంచే పటకాలు లేవు, పైనుండే అద్దాల గూడు పగిలి, అందులో పావురాళ్ళు పెట్టిన గూడు మాత్రం ఉంది. దాని బాధ్యత చూసే మాస్టరు శ్రద్ధ గల మనిషి. మసకబారి వెనక సీటు సరిగా కనపడని ఆ రకం విమానం ఫోటో పట్టుకుని మా అంగడికి వచ్చి, ఏదో ఒక కుర్చీ పెట్టి మూసేయమని పైవాళ్ళు అంటున్నారు గానీ నాకు మనసొప్పడం లేదని నాయనతో చెప్పుకున్నాడు. నాయన ఆ ఫోటోను చాలాసేపు చూసి, ఆ సాయంత్రం నన్ను పిలిచి, పెద్దనాయన దగ్గరికి నువ్వు పోయిరా అన్నాడు. తాను పోలేక నన్ను పంపిస్తున్నాడని నాకు అర్థమైంది.

పోయేసరికి ఆయన చేలో ఉన్నాడు.

"యాడికొచ్చినావు పాపా ఇంత ఎండలో?" అన్నాడు.

వచ్చిన పని చెప్పాను. పార కింద పెట్టి, చెమట తుడుచుకుని, "మీ నాయనకు నోరు లేదా? ఆ గూట్లోకి నేను రాను. పో, పొద్దు గుంకకముందే బస్సు ఉండాది" అని మళ్ళీ పార అందుకున్నాడు. కానీ నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చి, ఎక్కబోతుంటే, కూర్చునేది ఉండాదా పోయిందా అని ఒక్క మాట అడిగాడు. పోయిందన్నాను.

కొన్నాళ్ళకు, మేం ఆశ వదులుకున్నాక, అంగడి మెట్టు మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "సుద్దముక్క ఉండాదా పాపా?" అన్నాడు.

నేల మీద ఆయన గీసిన గీతల ప్రకారమే నాయన కుర్చీ చట్రం చేయించాడు, నేను దానికి కాన్వాసు కుట్టాను. తీసుకుపోయి విమానంలో బిగించి ఆయన్ను కూర్చోబెడితే మోకాళ్ళు పక్క రేకుకు కొట్టుకున్నాయి, ఒళ్ళు తిరగలేదు. ముందు కోపగించుకున్నాడు, మాదే తప్పన్నాడు. తర్వాత పక్క రేకును చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఇట్ల లేదు. నేనే మర్చిపోయినా," అన్నాడు చివరికి. "అంతా మర్చిపోతే బాగుండునని ఇన్నేండ్లు అనుకుంటాంటి పాపా. ఇప్పుడు గుర్తు రాకుంటే భయమైతాండాది."

అప్పుడు ఆ మాస్టరే ఒక ఉపాయం చెప్పాడు. చట్రం తీసేసి, ఒట్టి పలక అడ్డం వేసి, కళ్ళు మూసుకుని కూర్చోమన్నాడు. పెద్దనాయన కూర్చుని, కాస్త జరిగి, ఇంకాస్త కిందికి దించమని, పాదాలతో నేలను వెతుక్కుని, చేతులు ముందుకు చాపి లేని తుపాకిని పట్టుకున్నాడు. ఒంటికి గుర్తుంది. కుర్చీ కానే కాదది, గిరగిరా తిరిగే పొట్టి గుండ్రటి పీట, నడుం వెనక ఒక వెడల్పాటి పట్టీ, నేలలోని కొక్కేనికి తగిలించే గట్టి పటకా. కాన్వాసు మూడు మడతలు వేసి ఆ పటకా దబ్బనంతో చేత్తోనే కుట్టాను. పక్కన కూర్చుని ప్రతి కుట్టూ లాగి చూసి, "గట్టిగా కుట్టు. ఇది పట్టుకున్యందుకే నేను బతికినా" అన్నాడు. వడ్రంగి కొయ్యతో తుపాకి చేశాడు, కొత్త అద్దాలు వచ్చాయి, పావురాళ్ళ గూటిని మాస్టరు జాగ్రత్తగా తీసి షెడ్డు దూలం మీద పెట్టించాడు.

అంతా అయిపోయిన రోజు పెద్దనాయన ఎక్కి, పటకా తగిలించుకుని, ఎంతసేపటికీ దిగలేదు. ఆ తర్వాత కింద నిలబడ్డ నాయనను పిలిచాడు.

"రేయ్, నువ్వు ముందర కూర్చో."

"నాకేం తెలుసన్నా అది?"

"తోలేదేం లేదు. ఊరికే కూర్చో. ముందర ఎవురూ లేకుంటే నాకు నోరు రాదు."

నాయన భారీ మనిషి, ఆయాసపడుతూ ఎక్కి కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ వీపు వీపుకు పెట్టి, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా కూర్చున్నారు. నేను రెక్క కింద దారపు ముక్కలు ఏరుతూ నిలబడిపోయాను. పెద్దనాయన అప్పుడు చెప్పాడు. నడిపే అతను పంజాబు పిల్లవాడట, తన ఈడువాడే. ఇంటి నుంచి జేజి పంపిన చెనిక్కాయలు ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్ళట. ఒకనాడు గాల్లో ఉండగా ఇంజను ఆగిపోయింది.

"నేను తోక దిక్కు చూస్తాంటి. నాకు ఆకాశమే కనపడతాండాది. నేల మీదికొచ్చేది వాడొక్కడే చూసినాడు. మాట్లాడే గొట్టంలో, గట్టిగా పట్టుకో భాయ్ అన్యాడు. అంతే. దేవుడా అనలేదు, అమ్మా అనలేదు. వాని కడ మాట నాకు చెప్పినాడు."

నాయన ముందు నుంచి, తల తిప్పకుండానే, "నేనుండా అన్నా" అన్నాడు.

ఆ రాత్రి జేజికి నాయనే చెప్పాడు. ఆ యేడు షబేబరాత్‌కు చనిపోయిన మా పెద్దల పేరు మీద పేదలకు పంచే తీపి పళ్ళేల పక్కన జేజి ఇంకో పళ్ళెం పెట్టి, ఆ పంజాబు పిల్లవాని పేరు పెద్దనాయనతోనే పలికించింది. ఏ మతం పిల్లవాడని అడిగిన పక్కింటామెతో, నా చెనిక్కాయలు తిన్న బిడ్డ అని మాత్రం చెప్పింది. జేజి పోయాక నాయన, నాయన తర్వాత నేను, ఆ పళ్ళెం తప్పించలేదు.

పోయిన నెల ఆ నిఖా అయ్యాక ఆ కళాశాల వైపు పోయాను. షెడ్డు ఉన్న చోట మేడలు లేచాయి. విమానం ఏమైందని కాపలా అతన్ని అడిగితే, ఈడ విమానమా అని నవ్వాడు. మా అంగడి ఉన్న వీధిలో ఇప్పుడు సీట్లు కుట్టేవాళ్ళే లేరు, అన్నీ అచ్చులో పోసి వస్తున్నాయి. దాని గురించి నాకంత దిగులు లేదు, కాలం అట్లాగే పోతుంది. దిగులు వేరే ఉంది. ఆ కాలంలో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవాళ్ళం కాదు, ఎదుటి మనిషి నొచ్చుకుంటాడేమోనన్న బెదురు అది. ఇప్పుడు బెదురు లేదు, తీరికే లేదు. షబేబరాత్‌కు మిఠాయి డబ్బాలు అంగడి నుంచే వస్తాయి. ఇంకొకటి ఎక్కువ తెప్పించమంటే మా కోడలు మంచి పిల్ల, మారు మాట్లాడకుండా తెప్పిస్తుంది. ఇదెవరి పేరు మీద అని ఎవరైనా అడిగితే చెబుదామని, ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంటాను.