తగిలిన షటిల్

సర్వీసు చేసే ముందు టైలరు ప్రతిసారీ అరచేతిని ప్యాంటుకు రుద్దుకుని, అవతలి కోర్టులోని కాంపౌండరు కేసి ఓరగా చూస్తాడు. బట్ట కొలుస్తున్నట్టు ఉంటుంది ఆ చూపు. ఏళ్ల తరబడి క్లబ్బులో వాళ్లిద్దరికే పోటీ. ఫైనల్లో ఓడేది మాత్రం ఎప్పుడూ టైలరే. ఈసారి ఆట చివరి పాయింటు దాకా వచ్చింది. టైలరు కొట్టిన షటిల్ గీత దాటి పడింది. అంపైరు అవుటన్నాడు. కాంపౌండరు చెయ్యెత్తాడు.

"నా బ్యాటుకు తగిలిందండీ. పాయింటు ఆయనదే, ఆటా ఆయనదే."

చప్పట్లు ఎంతకీ ఆగలేదు. అన్నీ కాంపౌండరుకే. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తుకుంటే, టైలరు కప్పు పట్టుకుని పక్కకు జరిగి దారిచ్చాడు.

ఇంట్లో భార్య కప్పు తుడుస్తూ, "ఎంత మంచాయనండీ!" అంది.

"కప్పు ఎవరింట్లో ఉందే?"

"మనింట్లోనే. ఆయనిచ్చిందేగా!"

టైలరుకు అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున ప్రాక్టీసులో, కాంపౌండరు కొట్టిన షటిల్ టైలరు బ్యాటుకు మూరెడు దూరంగా పోయి గీత అవతల పడింది. టైలరు చెయ్యి పైకెత్తాడు.

"నాకు తగిలింది!"

"ఎక్కడ తగిలింది గురూ? పాయింటు నీదే," అని నవ్వాడు కాంపౌండరు.

"తగిలిందంటే తగిలింది," అని టైలరు బెంచీల మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగి, ఇంకాస్త గట్టిగా అరిచాడు.