నల్లబడిన మెట్టెలు

ఆదోనిలో నా వెండి దుకాణానికి దేవనకొండ నుంచి అత్తాకోడళ్లు వచ్చారు. కొడుక్కి జ్వరం తగ్గడం లేదట, కొత్త కోడలి మెట్టెలేమో నల్లబడ్డాయట.

"దీని కాలు మంచిది కాదప్పా. ఇవి కరిగించి కొత్తవి సెయ్యి. వాడు లేసేదాకా ఇది పుట్టింట్లోనే ఉంటాది" అంది అత్త. కోడలు తల ఎత్తలేదు.

"ఏం పనికి పోతాండావమ్మా?" అని ఆ అమ్మాయినే అడిగాను.

"మిరప తోటలో గంధకం సల్లినామన్నా."

వెండి గట్టిపడాలని మేమే కాస్త రాగి కలుపుతాం. అలాంటి వెండికి గంధకం తగిలితే నలుపెక్కుతుంది. దానికి ఆడపిల్ల పాదాన్ని తిడితే నాకు ఒళ్లు మండుతుంది. అదే వెండితో చేసుకున్న నా ఉంగరం తీసి, పక్క హోటల్ నుంచి తెప్పించిన వేడివేడి ఉడికిన గుడ్డు ముక్కలతో డబ్బాలో పెట్టి మూత వేశాను. గుడ్డులోనూ గంధకం ఉంటుంది. అరగంటకు ఉంగరం నల్లబడింది.

"ఇప్పుడు నాకేం జరమొచ్చిందమ్మా?"

"నీకు నోటి జబ్బుంది లేప్పా" అంది అత్త, నవ్వు ఆపుకుంటూ.

మెట్టెలు తోమి ఇచ్చాను. ఆమె కింద కూర్చుని, "కాలు సాపు" అంటూ తనే కోడలికి తొడిగింది. "పద, వాన్ని ఆస్పత్రికి పిల్చుకపోదాం."

నేను చేసిన నగలు చాలా ఊళ్లలో మెరుస్తున్నాయి. నాకు ఎక్కువ గర్వం మాత్రం ఈ నల్ల ఉంగరం చూస్తేనే. ఇప్పటికీ దీన్ని తోమలేదు.