ఉల్లిచేనుకి వెళ్ళిన తేనెటీగలు

ఊళ్ళో ఆమెను అందరూ తేనెక్క అంటారు. పేరులో తేనె ఉంది కదా అని నోట్లోనూ ఉంటుందనుకుంటే పొరపాటే. పన్నెండు తేనెటీగల పెట్టెలు ఆమె ఆస్తి. ఏ కాలంలో ఎక్కడ పూస్తే అక్కడికి వాటిని ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళి దించుతుంది. చలి ముదిరాక ఆవచేలకి వెళ్ళాలి. పదిహేనేళ్ళుగా ఆ ప్రయాణానికి ఒకటే తేదీ. కొత్త క్యాలెండరు గోడకెక్కగానే ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుడుతుంది. ఇక దానికి తిరుగులేదు.

ఈసారి చలి ఇలా ముఖం చూపించి అలా పోయింది. తేదీకి పది రోజుల ముందే, బట్టలారేస్తున్న తోడికోడలు అంది. "అక్కా, గాలిలో ఆవపూల వాసన వస్తోంది. ఈసారి తొందరగా పూసినట్టున్నాయి."

"పెట్టె మూత తీయడం కూడా రాదు, నువ్వు నాకు చెప్పొచ్చావా," అంది తేనెక్క.

తేదీ ప్రకారమే వెళ్ళింది. చేను నిండా కాయలే. పసుపు రంగు మచ్చుకైనా లేదు. పెట్టెల్ని దించకుండానే వెనక్కి తెచ్చింది.

పంచదార నీళ్ళు పెడితే ఈగలు బతుకుతున్నాయే గాని పుప్పొడి లేక రాణి ఈగలు గుడ్లు పెట్టడం మానేశాయి. కొత్త ఈగలు పుట్టకపోతే నెలా రెండు నెలల్లో పెట్టెలు ఖాళీ అయిపోతాయి. తన మొండితనం వాటి ప్రాణం మీదికి తెచ్చిందని తేనెక్కకి తెలుసు. అన్నం సయించలేదు.

నాలుగో రోజు పొద్దున్నే వంటింటి గడప దగ్గర నిలబడింది. "చుట్టుపక్కల ఇంకేమైనా పూసిందా? నీకేమైనా తెలుసా?"

తోడికోడలు దెప్పలేదు. దెప్పి ఉంటే తేనెక్కకి కాస్త తేలికగా ఉండేది.

"కాలువ అవతల విత్తనం కోసం ఉల్లి వేసిన రైతు లేడూ, ఆయన చేనంతా తెల్లగా పూసింది. ఈగలు వాలక గింజ కట్టడం లేదని నిన్న కొట్టు దగ్గర మొత్తుకుంటున్నాడు."

"ఉల్లి తేనె కంపు కొడుతుందే. ఎవరూ కొనరు."

"ఇప్పుడు తేనె కావాల్సింది మనకా, వాటికా?"

ఆ రోజు పొద్దుగూకగానే పన్నెండు పెట్టెలూ ఉల్లిచేను గట్టుకి చేరాయి. రైతు తనే భుజం పట్టి దించాడు. మర్నాడు ఎండెక్కేసరికి తెల్లటి పూగుత్తుల మీద ఈగలు ముసురుకున్నాయి.

రెండు వారాలకి తేనెక్క పెట్టె మూత తీసింది. తేనెపట్టు ఉన్న చట్రాన్ని ఎండకి ఎత్తి చూసి, గట్టు మీదున్న తోడికోడల్ని పిలిచింది. తన ముఖానికున్న వల విప్పి ఆమెకి కట్టింది.

"ఒక్కో గదిలో సన్నటి నూకలాంటిది కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. ఏంటవి?"

"గుడ్లు. బతికాయే," అంది తేనెక్క. చట్రాన్ని మళ్ళీ పెట్టెలో దించి, "వచ్చే ఏడు నువ్వెప్పుడు బయల్దేరమంటే అప్పుడే బయల్దేరదాం," అంది.

"వచ్చే ఏడు దాకా ఎందుకక్కా? పొద్దుతిరుగుడు మొగ్గ తొడుగుతోంది. రేపు ఇద్దరం వెళ్ళి చూసొద్దాం."