గొర్రెపిల్లల మెడలో కంపెనీ రిబ్బన్లు

“నువ్వు ఇంటికి పోవే, గొర్లు ఆకలికి మొత్తుకుంటయ్,” అన్నాడు మా ఆయన.

“గొర్లకు నీకన్న బుద్ధుంది. నోర్మూసుకొని పండుకో,” అన్నాను.

సూర్యాపేట దవాఖానలో మేం ఒకరికొకరం చెప్పుకున్న ఆఖరి మాటలవి. ముప్పై ఏళ్ల కాపురానికి ఇదా ముగింపు అని నవ్వుతారేమో, నవ్వండి. ఇదే నోటితో నేను అంతకుముందు చేసిన ఘనకార్యం వింటే ఆ మాటలు పూలదండల్లా కనిపిస్తాయి. నాకు సంతకం దాకానే చదువు. నేను చెబుతుంటే మా అక్క బిడ్డ స్వరూప రాస్తున్నది.

నిజాం కాలంలో మిర్యాలగూడలో తెల్లదొరల కంపెనీ ఒకటి ఉండేదట. ఆముదాలు కొని ఓడలకెక్కించేది. మా ఆయన తాత అందులో మూటలు మోశాడు. దొరలు పోయారు, ఆముదాల బేరం పోయింది, కంపెనీ మాత్రం చావలేదు. చేతులు మారి మారి భూమి అడుగున చమురు వెతికే పనిలో పడింది. కొన్నేళ్ల కిందట దాని జీపులు నేరేడుచర్ల పక్కన మా బీళ్లలోకి వచ్చాయి. వెదురు కట్టెలు వరసగా పాతి, ఒక్కోదానికి ఎర్ర రిబ్బను కట్టారు. ఆ వరస పేరు లైను. దానికి కాపలా మా ఆయన.

“మా తాతతోని మూటలు మోయించిన కంపెనీ! మనుమన్ని కుర్సీ ఏసి కూసోబెట్టింది సూడు,” అని మీసం దువ్వాడు. కుర్చీ మాదే, అది వేరే సంగతి.

మూడో రోజు ఆయన అన్నానికి ఇంటికి పోయిన వేళ నేను గొర్రెలతో అటు వచ్చాను. ముందురోజు వానకు గొర్రెపిల్లల వీపుల మీద ఎర్రమట్టి జాజుతో పెట్టిన మా గుర్తు కడుక్కుపోయింది. గుర్తు లేకుండా తోటికోడలి మందలో కలిస్తే ఏది ఎవరిదో తేలక ఇద్దరం జుట్లు పట్టుకోవాల్సిందే. ఎదురుగా చూస్తే నిగనిగలాడే రిబ్బన్లు! రిబ్బన్లు గొర్రెపిల్లల మెడలకు, కట్టెలు నా మోపులోకి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఆ రోజు కంపెనీ కట్టెలన్నిటిదీ నా పొయ్యి దారే.

ఆయన తిరిగొచ్చేసరికి లైను లేదు. వెతికేలోపే కోదాడ నుంచి కంపెనీ ఇంజినీరు సారు జీపు వచ్చింది. సారుకు దూరంగా ఎర్రగా కనిపించింది.

“లైను అక్కడుంది, పోనీ!”

జీపు పోయే కొద్దీ లైను జరిగింది. లైను గట్టెక్కింది. లైను నీళ్లు తాగింది. జీపు మాత్రం సాగర్ కాలువ కింది నాటుమడిలో దిగబడి, అత్తారింటికొచ్చిన కొత్త అల్లుడిలా కదలనని కూర్చుంది.

“లింగయ్యా! లైను నడుస్తుందేంటయ్యా?”

మా ఆయన మందను చూశాడు, నన్ను చూశాడు. నేను గొంగడి కప్పుకొని గొర్రెల్లో గొర్రెనయ్యాను.

“నేనే కట్టిన సార్. గొర్లు కలుస్తున్నయని.”

“నువ్వు కాపలావా, దొంగవా? రేపట్నుంచి రావద్దు.”

ఆయన తల దించుకున్నాడు. నా నోరు లేవలేదు. చూడండి, అప్పుడు లేవలేదు.

సారు ఒక గొర్రెపిల్లను పట్టుకొని ముడి లాగాడు. ఊడలేదు. “ముడి మాత్రం భలే వేశావయ్యా! మావాళ్లు కట్టినవి గాలికే పోతున్నాయి. పోనీలే, రేపట్నుంచి కాపలా వద్దు, రిబ్బన్లు కడతావా?”

ఆయన ముఖం వెలిగింది. సరేననడానికి నోరు తెరిచాడు. ఆలోపే నా నోరు లేచింది.

“సార్, గా ముడులు నేనేసినయ్! ఈయనకు పంచె ముడే నిలువదు!”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

తాత మూటలు మోసిన కంపెనీలో నెల రోజులు రిబ్బన్లు కట్టింది నేను. గొర్రెల వెంట పోయింది ఆయన. గట్టు మీద నిలబడి జీపు కనుమరుగయ్యేదాకా చూసేవాడు. ఒక్కనాడూ నన్నేమీ అనలేదు. అని ఉంటే నేనూ నాలుగు తిట్టి మరిచిపోయేదాన్ని.

అందుకే మా మంద సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. తప్పుకు లేవని నోరును మెప్పుకు లేవనివ్వను. లేచిందా, నా మూతికి నేనే ముడి వేసుకుంటాను. నా ముడి ఊడదని కంపెనీయే ఒప్పుకుంది.

“రాసినవా స్వరూపా?”

“రాసిన చిన్నమ్మా.”

“ఇగ సదువు. ‘నేనే కట్టిన’ అని ఆయనన్న కాడ జర ఆగి సదువు బిడ్డా.”