నాయనను లేపే కర్ర

నిద్రపోతున్న మీ తండ్రిని మీరెలా లేపుతారు? భుజం తట్టా, పేరు పెట్టి పిలవలేక గొంతు సవరించుకొనా? మా ఇంట్లో కర్రతో లేపేవాళ్ళం.

కొడవలూరు దగ్గర మాది వరి సేద్యం. నాయన బర్మా యుద్ధంలో సిపాయి. ఆయన తిరిగి వచ్చాక నేను పుట్టాను. అన్న అంతకు చాలా ముందే పుట్టాడు. మధ్యాహ్నం నాయన నిద్రపోతే, గడప ఇవతల నిలబడి, బట్టలారేసే వెదురుకర్ర కొసతో ఆయన పాదాన్ని తాకాలి. చేయి వేయకూడదు. "కాలికే ఆనించవే! పొట్టలో పొడిచేవు!" అని అమ్మ వెనకనుంచి కేకేసేది. నాయన ఉలిక్కిపడి లేచేవాడు. కాసేపు మమ్మల్ని గుర్తుపట్టనట్టే చూసేవాడు. తర్వాత నవ్వి, కర్ర కొస పట్టుకొని, రెండో కొసన వేలాడే నన్ను గాలానికి చిక్కిన చేపలా మంచం దాకా లాక్కునేవాడు. అందుకని అన్న చేతిలోని కర్ర గుంజుకొని మరీ నేను పరుగెత్తేదాన్ని.

ఊరు దీనికి తనకు తోచిన అర్థం చెప్పింది. "పట్టాళం మనిషి, ముట్టుకుంటే పులే" అన్నారు. కారణం అడగకుండా నమ్మడం మనకు అలవాటే గదా. మేమూ నమ్మాం. అన్న మరీ నమ్మాడు.

అన్నకు పెళ్ళయి కూతురు పుట్టింది. ఆ పిల్లకు నాలుగేళ్ళప్పుడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం, నిద్రలో ఉన్న అన్న చెంప మీద చేయి వేసింది. అన్న ఆ చేతిని విసిరికొట్టాడు.

"చేత్తో లేపుతావా? కర్ర యాడబోయింది?"

పిల్ల ఏడుపు విని నేను వచ్చాను. "ఏ యుద్ధానికి పోయొచ్చినావన్నా నువ్వు? కోవూరు సంతకా?"

"నీకు తెలీదు, ఊరుకోమే. మన ఇంట్లో మగోళ్ళను ముట్టుకొని లేపరు. నాయన్ను చూళ్ళా?"

అరుగు మీదున్న నాయన లోపలికి వచ్చాడు.

"నాది మగతనం గాదురా అబ్బయ్యా, భయం. పట్టాళం నుంచి వచ్చిన కొత్తల్లో మీ అమ్మ భుజం పట్టుకొని లేపింది. నిద్దట్లో శత్రువనుకొని గొంతు పట్టినా. నువ్వు ఏడస్తా నా కాళ్ళకు చుట్టుకుంటే తెలివొచ్చింది. మీలో ఎవుర్నన్నా చంపేస్తానేమోనని కర్ర పెట్టమన్నా."

"ఇప్పుడెందుకయ్యా అదంతా?" అంది అమ్మ.

"వీడు దాన్ని పౌరుషమనుకుంటా ఉండాడు గదా."

అన్న తల ఎత్తలేదు. కూతురిని పిలిచాడు. పిల్ల రాలేదు. తాత పంచె చాటునుంచి అడిగింది: "తాతా, నిన్ను గూడా చేత్తో లేపచ్చా?"

"నన్ను కర్రతోనే లేపమ్మా. మీ నాయన్ను మాత్రం చేత్తోనే లేపు. నాలుగు తగిలించినా తప్పులేదు."

అన్న కళ్ళు మూసుకొని పడుకున్నాడు, నిద్ర నటిస్తూ. చాలాసేపటికి పిల్ల తండ్రి దగ్గరికి వెళ్ళి చెంప మీద చేయి ఆనించింది. ఈసారి అన్న కదల్లేదు.

సిపాయి అయ్యుండి భయమని చెప్పుకున్నాడే అని ఊళ్ళో నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళతో పోట్లాడాను, ఇప్పటికీ పోట్లాడతాను. కొడుకు ముందు అంత మాట ఒప్పుకున్న మగవాడిని ఆ ఊళ్ళో నేను మరొకరిని చూడలేదు.

మగవాళ్ళ పద్ధతి అంటూ పిల్లలను దూరంగా నిలబెట్టేది మీ ఇంట్లోనూ ఏదో ఉంటుంది. అది ఏ దెబ్బ వల్ల మొదలైందో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు బతికి ఉండగానే అడగండి. తెలిసినదాన్ని మీ కొడుకులకు దాచకుండా చెప్పండి, ఇవాళే చెప్పండి.