లేడీస్ బోగీలో వేషాలు

ఏంజెలిన్‌కు ఇతరుల సంగతులంటే మహా ఆరాటం. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే, పక్కామె దేనికోసం అంత గట్టిగా వేడుకుంటోందో అని ఒక కన్ను తెరిచి చూసే రకం. అది తప్పని ఆమెకూ తెలుసు. కానీ ఆ గుణమే లేకపోతే మారికుప్పం నుంచి బెంగుళూరు పోయే పొద్దుటి రైలులో వేషాల ఆట పుట్టేదే కాదు.

ఆమె తండ్రి కోలారు బంగారు గనిలో దిగి పనిచేసినవాడు. గని మూతపడ్డాక ఊళ్లో సగం మందికి రైలే దిక్కయింది. ఏంజెలిన్ కూడా పందొమ్మిదేళ్లుగా ఊరిగాంలో రైలెక్కి, బెంగుళూరులో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో చొక్కాల కుట్లు సరిచూసి, చీకటిపడ్డాక ఇల్లు చేరుతోంది. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. లేడీస్ బోగీలో పూలు కట్టేవాళ్లు కడతారు, చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు ఒలుస్తారు, కునికేవాళ్లు పక్కవాళ్ల భుజం మీద పడతారు. ఏంజెలిన్ మాత్రం మనుషుల్ని తయారుచేస్తుంది.

కథ ఎప్పుడూ ఒకటే. ఘాట్ రోడ్డులో బస్సు చెడిపోయింది, అందులో ఎవరికీ ఎవరూ తెలియదు. బోగీలో కూర్చున్న ఒక్కొక్కరికి ఏంజెలిన్ ఒక వేషం ఇస్తుంది. తీసుకున్నామె తన స్టేషన్‌లో దిగేదాకా ఆ మనిషిగానే మాట్లాడాలి.

"పేరు, పని చెప్పేస్తే మనిషి అయిపోదు. ఎవరికీ చెప్పకుండా ఏమి దాచిపెట్టుకోనుండాది? అది తెలిస్తే సాలు, ఇంగ ఆ మనిషే లేచి నడుస్తుంది" అంటుంది ఏంజెలిన్.

అలా పుట్టినవాళ్లే నీళ్లంటే భయపడే బోరుబావి మేస్త్రీ, మొగుడికి తెలియకుండా పదో తరగతి పరీక్షకు చదివే అత్తగారు, మామిడిపండు వాసన పడని రాయల్పాడు మామిడితోట యజమాని. ఆ యజమాని వేషం లక్ష్మీదేవమ్మది. హాస్టల్లో వంట చేసే ఆవిడ నోరు తెరిస్తే, తలుపు దగ్గర నిలబడినవాళ్లు కూడా లోపలికి తోసుకొచ్చేవాళ్లు.

మూడు నెలల కిందట బంగారుపేటలో నేత్రావతి అనే ఆమె ఎక్కడం మొదలుపెట్టింది. ఊరు బేతమంగళ, బెంగుళూరులో ఒక ఆఫీసు ఊడ్చి తుడిచే పని. ఏంజెలిన్ పక్కనే కూర్చుని ఆట చూసి నవ్వేది గానీ, వేషం ఇవ్వబోతే "నాకొద్దక్కా" అనేది. ఆమె సంచిలో రెండు టిఫిన్ డబ్బాలు ఉండేవి. సాయంత్రానికి ఒకటి ఖాళీ అయ్యేది, రెండోది పొద్దున ఎంత బరువో అంతే బరువుతో తిరిగొచ్చేది. సంచి పైన పెట్టే నెపంతో ఏంజెలిన్ రెండుసార్లు ఎత్తి చూసింది కూడా.

ఎవరికా డబ్బా? అడగడం మర్యాద కాదనుకుంది. అడగకుండా వేషం కట్టించడం అంతకంటే అమర్యాద అని ఆ మహాతల్లికి తోచలేదు. "రెండు డబ్బాల ఆమె" అని ఒక మనిషిని చేసి లక్ష్మీదేవమ్మకిచ్చింది.

లక్ష్మీదేవమ్మకు ఏమి తెలుసు? రెచ్చిపోయింది. "ఒగటి నాకు, ఇంగొకటి బెంగుళూరులో ఉండే నా సామికి! పాపం, పెండ్లాం కడుపునిండా పెట్టదంట!"

బోగీ అంతా పగలబడి నవ్వింది. నేత్రావతి సంచి తీసుకుని, తన స్టేషన్ రాకముందే మాలూరులో దిగిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఏంజెలిన్ మూడోరోజు బంగారుపేటలో రైలు ఆగగానే దిగి, జనరల్ బోగీలన్నీ వెతికింది. నేత్రావతి మగవాళ్ల మధ్య నలుగుతూ తలుపు పక్కన నిలబడి ఉంది. ఏంజెలిన్ అక్కడే ఎక్కేసింది.

"తప్పయిపోయింది నేత్రమ్మా. ఆ వేషం చేసింది నేనే. లక్ష్మీదేవమ్మకు ఏమీ తెలీదు."

"మూడు నెల్లు నా పక్కనే కూర్చున్నావే అక్కా. ఎవరికని ఒగ మాట అడిగింటే చెప్పేదాన్ని కదా."

డబ్బా కూతురు గంగకట. వేరే కులం పిల్లవాణ్ని పెళ్లి చేసుకుని వైట్‌ఫీల్డ్‌లో కాపురముంటోంది. తల్లి రోజూ అక్కడ దిగి, గంగ ఉండే చోట గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి డబ్బా ఇచ్చి పనికి పోతుంది. సాయంత్రం మూత తియ్యని డబ్బా తీసుకుని వస్తుంది.

"యాడ తప్పు చేస్తున్నానో తెలీడంలేదక్కా. నువ్వు మనుషుల లోపల ఉండేది కనిపెడతావు కదా, నా బిడ్డను తయారుచెయ్యి. అది ఎందుకు తినదో నాకు తెలియాల."

ఏంజెలిన్ తల అడ్డంగా ఊపింది. "నేను చేస్తే అబద్ధమవుతుంది. ఆ వేషం నువ్వే కట్టమ్మా" అంది.

మర్నాడు నేత్రావతి లేడీస్ బోగీలోకి వచ్చింది. సంగతి విన్న లక్ష్మీదేవమ్మ కళ్లు తుడుచుకుని, ఏంజెలిన్‌ను నాలుగు తిట్టి, తానే వాచ్‌మన్ అయింది. పూలు కట్టే చేతులు ఆగిపోయాయి.

"అమ్మాయ్ గంగా, మీయమ్మ డబ్బా ఇచ్చిపోయింది. ఎందుకు తినవు? వంట బాగలేదా?"

"వంటకేమి, బాగానే ఉంటుంది" అంది గంగ అయిన నేత్రావతి.

"ఇంగేమి మరి?"

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుంది.

"పెండ్లినాడు మాయమ్మ నా గడప తొక్కొద్దు అనింది. ఆ మాట ఈ పొద్దుటికీ వాపసు తీసుకోలేదు. అన్నం పంపిస్తాది గానీ, రా అని పిలవదు. పిలవని ఇంటి అన్నం నేనెట్ల తినేది?"

అని, గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ గడప మాట ఆమె అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఏంజెలిన్ సిగ్గుతో తల దించుకుంది. ఇంకొక్క ప్రశ్న కూడా అడగాలనిపించలేదు.

వైట్‌ఫీల్డ్ వచ్చింది. నేత్రావతి లేచి దిగిపోతుంటే, లక్ష్మీదేవమ్మ వెనక నుంచి కేకేసింది. "సంచి మరిచిపోయినావమ్మా!"

"ఉండనీయక్కా" అంది నేత్రావతి ప్లాట్‌ఫారం మీద నుంచి. "ఈ పొద్దు నా బిడ్డ దగ్గరికి ఒట్టి చేతుల్తోనే పోతాను."