చూడకుండా రాసిన మట్టం

అవుకు రిజర్వాయరు దగ్గర నీటిమట్టం చూసి రాయడం నా ఉద్యోగం. చూడని అంకె ఒక్కటి కూడా రాయలేదని రిటైరైన రోజు సభలో గొప్పగా చెప్పుకున్నాను. ఆ అలవాటుతోనే మా పాత కారుకు ఒక డైరీ పెట్టాను. ప్రతి ఆదివారం అందులో ఒకటే వాక్యం: "ఆయిల్ చూశాను, సరిగ్గా ఉంది."

నంద్యాలలో ఇరవై ఏళ్లుగా ఆ కారు చూసే మెకానిక్ ఒక సాయిబు. నాకంటే రెండేళ్లు పెద్ద. "బండి పెట్టుకుంటే సార్ మాదిరి రాసి పెట్టుకోవల్ల" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. మొన్న ఎండాకాలం ఆయన ఇంజను వాల్వుల దగ్గరి ట్యాపెట్లు సరిచేసిన పది రోజులకు ఇంజనులో టకటక మొదలైంది. డైరీ చంకన పెట్టుకుని షెడ్డుకు పోయాను.

ఆయన చెవి పెట్టి విని, ఆయిల్ మట్టం చూసే గేజీ కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"అది చూసే పన్లేదు భాయ్. ఆదివారం చూసినా. డైరీలో రాసిండా."

ఆయన చెయ్యి తీసేశాడు. "సార్ రాసినాడంటే ఉన్నట్టే."

ట్యాపెట్లు మళ్లీ విప్పి బిగించాడు. శబ్దం తగ్గలేదు. ఇంకోసారి విప్పుతుంటే స్పానర్ జారి కింద పడింది. ఆయన చెయ్యి కొంచెం వణుకుతుందని నాకు ముందే తెలుసు. షెడ్డులో ఇంకా నలుగురున్నారు.

"నీ చేతులు పోయినాయి భాయ్. ఇంక చాలించు," అన్నాను.

ఎవరో నవ్వారు. ఒకాయన సాయిబుకు ఇవ్వబోయిన తన బండి తాళంచెవి తిరిగి జేబులో వేసుకున్నాడు. సాయిబు స్పానర్ తుడిచి పెట్టెలో పెట్టాడు.

మర్నాడు ఆళ్లగడ్డకు పెళ్లికి పోతుంటే ఆ శబ్దం రోకలితో దంచినట్టయింది. ఊరి మొదట్లోని షెడ్డులో ఆపాను. అక్కడి మెకానిక్ ముందుగా గేజీ లాగాడు. కొన మాత్రమే తడిగా ఉంది.

"ఏందప్పా, ఇంజను ఎండబెట్టి తోలుతాండావ్! యాడో కారుతాండాది. ఎప్పుడు చూసినావు ఆయిలు?"

ఆదివారం అనబోయి డైరీ తెరిచాను. కొన్ని నెలల కింద నడుం పట్టేసినప్పటి నుంచి నేను బానెట్ ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని ఆ వాక్యం మాత్రం రాస్తూ వచ్చాను. అందులో ఒక ఆదివారం నేను శ్రీశైలంలో ఉన్నాను, కారేమో నంద్యాలలో ఇంటి ముందుంది. తిరిగొచ్చాక ఆ తేదీ కింద కూడా రాశాను: చూశాను, సరిగ్గా ఉంది.

ఆయిల్ పోశాక శబ్దం చాలావరకు అణిగింది.

నంద్యాల వచ్చి మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు, షెడ్డులో ఎవరూ ఉండని మధ్యాహ్నం వేళ చూసుకుని పోయి ఆయనకు చెప్పాను. ఆయన అన్నం డబ్బాకు మూత పెట్టి అంతా విన్నాడు.

"ఆ పొద్దు నలుగురు ఉండ్రి సార్," అన్నాడు. మళ్లీ మూత తీసి అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున షెడ్డు ముందు బండ్లు వరుసగా నిలిచే వేళకు కారు తీసుకుని పోయాను. డైరీలో శ్రీశైలం ఆదివారం పేజీ తీసి అందరికీ వినబడేలా చదివాను. ఆ రోజు నేను ఊళ్లోనే లేనని, ఆయన పనిలో తప్పు లేదని చెప్పాను.

"ఓర్నీ, మట్టాల సార్ కూడా గాలి లెక్కలే రాసిండాడప్పా!" అన్నాడొక ఆటో డ్రైవరు. అందరూ నవ్వారు.

సాయిబు నవ్వలేదు. నా కారు బానెట్ ఎత్తి, చేతికి ఒక గుడ్డపేలిక ఇచ్చి పక్కకు జరిగాడు. నడుం పట్టుకుని వంగి గేజీ లాగాను.